గట్టి బంక చేసిన పని: ఒక ఫ్రెంచ్ రాతబల్ల కేస్ స్టడీ

పారిస్‌లో పాత ఫర్నిచర్ బాగుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేస్తాను. ఈ కేసులో మొదటి విడత పని నేనే పాడుచేశాను. అందుకే దీన్ని రాయాలనిపించింది. ఇంటివాళ్ళెవరో తెలియకూడదు కాబట్టి కొలతలూ, ఒకటి రెండు వివరాలూ మార్చాను. వస్తువు మీద చేసినవాడి ముద్ర ఉంది, ఆ పేరూ ఇక్కడ చెప్పను.

వస్తువు

1770ల నాటి సెక్రెతేర్ అది. దూరం నుంచి చూస్తే నిలువు బీరువాలా ఉంటుంది. కింద రెండు తలుపులు, నెత్తిన పాలరాయి పలక. మధ్యలో ఉన్న పెద్ద చెక్క తలుపు పక్కకు తెరుచుకోదు, పైఅంచు పట్టుకుని ముందుకు వాలుస్తాం. వాలిందంటే అదే రాసుకునే బల్ల. లోపలివైపు తోలు పరిచి ఉంటుంది, దాని వెనక చిన్న చిన్న సొరుగులు. దీన్ని వాలు తలుపు అంటాను. (ఇదే కాలపు ఇంకో రకం సామానుకు ఫ్రెంచ్‌లో పేరు కమోడ్, అంటే సొరుగుల పెట్టె. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ మాట వాడటం మానేశాను. "కమోడ్‌కి పువ్వులు అతికిస్తున్నా" అంటే అవతల నవ్వు ఆగదు.)

వెనకవైపు ముద్ర పక్కనే జె.ఎం.ఇ. అనే మూడక్షరాలు చిన్నగా కొట్టి ఉన్నాయి. పారిస్ వడ్రంగుల సంఘం సరుకు చూసి నాణ్యత బాగుందనుకుంటే వేసే గుర్తు అది. 1751 నుంచి అమల్లోకి వచ్చి, విప్లవ కాలంలో 1791లో సంఘాలను రద్దు చేసేదాకా నడిచింది.

వాలు తలుపు బయటివైపు అంతా మార్కెట్రీ. మన దగ్గర పొదుగుడు పని అంటే గట్టి చెక్కలో గుంట తవ్వి దంతమో ఇత్తడి తీగో కూర్చడం. ఇక్కడ గుంట తవ్వరు. రకరకాల చెక్కలను పల్చటి పొరలుగా కోసి, ఆ పొరల్లోంచి రేకులూ ఆకులూ కాడలూ కత్తిరించి, పక్కపక్కన చేర్చి, మొత్తంగా ఓక్ పలక మీద అంటిస్తారు. అంటే కంటికి కనిపించే బొమ్మకు కింద చెక్కలో వేర్లేమీ ఉండవు. బంకే ఆధారం. ఆ రోజుల్లో పొరలు చేతిరంపంతో కోసేవాళ్ళు కాబట్టి ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు మందం ఉంటాయి.

ఈ తలుపు మీద ఒక పూలబుట్ట. వెనక నేలంతా బ్వా ద రోజ్, బ్రెజిల్ నుంచి ఓడల్లో వచ్చిన గులాబీ చారల చెక్క. చుట్టూ అంచు అమరాంత్ అనే చెక్కది. అది కోసినప్పుడు గోధుమరంగు, గాలీ వెలుతురూ తగిలాక ఊదారంగు, తరాలు గడిచాక మళ్ళీ గోధుమలోకే వస్తుంది. ఆకులకు తెల్లటి సికమోర్ చెక్కకు రంగు పట్టించి వాడారు. రేకుల అంచుల్లో కనిపించే నీడలు రంగు కాదు. ఇనుప పళ్ళెంలో ఇసుక కాల్చి, ముక్క అంచును అందులో గుచ్చి కొన్ని క్షణాలు ఉంచుతారు. మాడిన మేరకు నీడ. వేరుశనక్కాయలు ఇసుకలో వేయించే బండి దగ్గర నిలబడ్డవాళ్ళకు ఆ వాసన తెలుసు, దానికి కాస్త చెక్క పొగ కలుపుకోండి.

ఇవన్నీ అంటించింది సరేసుతో. జంతువుల తోలు ఉడికించి తీసే బంక. ఇంటి దగ్గర మా నాన్న చిన్నప్పుడు వాళ్ళ నాన్న పక్కన కూర్చుని సరేసు కుండ కలిపేవారట. 1959లో మొదలైన ఫెవికాల్ ఊళ్ళలోకి వచ్చాక ఆ కుండ అటకెక్కింది. కొత్త తలుపుకీ కొత్త మంచానికీ అది హాయిగా సరిపోతుంది, నాకేం పేచీ లేదు. ఈ కథలో ఆ తరహా తెల్ల బంక చేరకూడని చోట చేరింది, అంతే.

ఎందుకు పిలిచారు

ఇంటావిడ పెద్దామె. పల్లెలో ఉన్న పాత ఇల్లు అమ్మేసి, రాతబల్లతో సహా నగరంలో ఫ్లాటుకు మారింది. పల్లె ఇంట్లో హీటింగ్ అంతంతమాత్రం. ఫ్లాటులో సెంట్రల్ హీటింగ్, మేం వెళ్ళే సమయానికి వచ్చి మూడేళ్ళు. ప్రతి చలికాలం రేకులు లేస్తున్నాయి. ఒక్కోసారి రాత్రి నిశ్శబ్దంలో టిక్‌మని చప్పుడు, పొద్దున లేచి చూస్తే ఒక ఆకు కొస పైకి తేలి ఉంటుంది. ఊడిన మూడు ముక్కలను కవర్లో దాచింది. ఇంకో మూడు చీపురుకు పోయాయని ఆవిడే చెప్పింది. ఎక్కడైనా అదే జరుగుతుంది.

"ఈసారి ఇంక ఊడకుండా గట్టి బంక వేయండి" అంది. అంతకుముందు వేరే ఇద్దరు బాగుచేశారు. ఇద్దరికీ ఇదే చెప్పిందట.

సెప్టెంబరులో చూశాను. మొదట చేసేది తట్టి వినడం. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అలాగే గోటితో తలుపంతా తట్టుకుంటూ పోవాలి. అంటుకున్న చోట చప్పుడు పొట్టిగా, గట్టిగా ఉంటుంది. లేచిన చోట బోలుగా పలుకుతుంది. 19 చోట్ల బోలు. ఓక్ పలకలో అడ్డంగా రెండు చీలికలు, వాటిలో పాత పుట్టీ.

మొదట చేసింది

లేచిన ప్రతిచోటా సన్నటి సూదితో వేడి సరేసు ఎక్కించి, మీద ప్లాస్టిక్ కాగితం, దాని మీద చెక్కదిమ్మ పెట్టి, బిగింపులు వేసి రాత్రంతా ఉంచాను. పద్ధతి తప్పు కాదు. సరేసు నీళ్ళకూ వేడికీ మళ్ళీ వదులుతుంది, అసలు వాడిందీ అదే, రేపు ఇంకెవరైనా విప్పాలన్నా దారి ఉంటుంది. చీలికల్లోని పుట్టీ అలాగే వదిలేశాను. లోపలి తోలు కూడా ఎత్తలేదు. తోలు పాతదేం కాదు, బంగారు అంచు గీతతో చక్కగా అంటుకుని ఉంది. అవసరం లేకుండా ఎందుకు కదపడం అనుకున్నాను.

మా పనిలో వీలైనంత తక్కువ ముట్టుకోవడం ఒక నియమం. ఆరోజు దాన్ని నియమంలా కాదు, సాకులా వాడుకున్నాను. తోలు ఎత్తాలంటే రెండు రోజుల పని, ఎస్టిమేట్ మళ్ళీ రాయాలి, ఆవిడకు నచ్చజెప్పాలి. మూడు రోజుల్లో ముగించి బిల్లు ఇచ్చేశాను.

జనవరి మధ్యలో ఫోన్. ఆవిడ కోప్పడలేదు. "మీరు కూడానా" అంది, అంతే.

వెళ్ళి తట్టి చూస్తే 19లో 14 మళ్ళీ లేచాయి. కొత్తగా మూడు. గదిలో తేమ 26 శాతం. వేసవి చివర అదే గదిలో 55 చూశాను.

చలిదేశాల ఇళ్ళలో ఇది మామూలే. బయట గడ్డకట్టే గాలిలో నీటి ఆవిరి కొంచెమే ఉంటుంది. ఆ గాలినే లోపలికి తెచ్చి 21 డిగ్రీలకు కాచితే అది ఎడారి గాలి. చెక్క దానికి తన తేమ ఇచ్చుకుంటుంది, ఇచ్చుకున్నకొద్దీ ముడుచుకుంటుంది. అన్ని వైపులా ఒకేలా కాదు. పోగు పొడవున దాదాపు కదలదు, పోగుకు అడ్డంగా కదులుతుంది. ఈ తలుపు ఎత్తు 62 సెంటీమీటర్లు, ఓక్ పలకల పోగు అడ్డంగా ఉంది. గదిలో తేమ 55 నుంచి 26కు పడి, చెక్క దాన్ని పూర్తిగా అందుకుంటే, ఎత్తులో కొన్ని మిల్లీమీటర్లు తగ్గాలి. పైనున్న రేకుల పోగు ఒక్కోటి ఒక్కో దిక్కున. కింద నేల కుంచించుకుంటే పైన ముక్కలు ఒకదాన్నొకటి తోసుకుని లేస్తాయి.

గాలికి తేమ పట్టించే యంత్రం, హ్యుమిడిఫయర్, పెట్టమన్నాను. గదిలో తేమను ఎప్పటికప్పుడు నమోదు చేసే డేటా లాగర్ కూడా ఒకటి ఇచ్చి వచ్చాను. మూడు వారాల తర్వాత గీత చూస్తే రంపపు పళ్ళలా ఉంది. నీళ్ళు పోసిన రోజు 45, అయిపోయాక 28. ఆవిడ వయసుకు రోజూ నాలుగు లీటర్లు మోయడం అయ్యే పని కాదు. ఆ సలహా ఇచ్చేటప్పుడు నేను ఆలోచించాల్సింది. ఇలా ఎక్కీ దిగీ ఉండటం కంటే ఏకంగా పొడిగా ఉన్నా కొంత నయం.

అయస్కాంతం

గీత చూడటానికి వెళ్ళినరోజు అక్కడే ఒక పని చేశాను, మొదటిరోజే చేసి ఉండాల్సింది. పారదర్శక ఫిల్ము తలుపు మీద పరిచి లేచిన చోట్లన్నీ చుక్కలు పెట్టాను. మూడేళ్ళలో వాళ్ళు తీసిన ఫొటోల్లో కనిపించేవి కూడా వేరే రంగులో వేశాను. చుక్కలు పూలబుట్ట అంతా చిందరవందరగా లేవు. రెండు అడ్డగీతల మీద వరుసకట్టి ఉన్నాయి, పలకలోని చీలికల మీదుగా. మిగతావి నడిమి నిలువు పట్టీలో గుంపుగా.

అడ్డగీతలు అర్థమయ్యాయి. పలక చీలినచోట పైపొర లేస్తుంది. కానీ పలక ఎందుకు చీలాలి? ఓక్‌ను వదిలేస్తే అది ముడుచుకుంటుంది, చీలదు. ఎవరో పట్టుకుంటేనే చీలుతుంది. రెండు పక్కలా నిలువు పోగుతో చెక్క పట్టీలు ఉన్నాయి, పలక వంగకుండా చేసినవాడే పెట్టినవి. అవి నిలువునా ముడుచుకోవు కాబట్టి కొంత పట్టుకుంటాయి. కానీ దాదాపు 200 ఏళ్ళు ఆ పట్టీలతోనే బతికింది కదా. పైగా నడిమి నిలువు గుంపుకు ఆ పట్టీలతో సంబంధమే లేదు.

తలుపు వాల్చి, తోలు మీద అరచేయి పెట్టి మెల్లగా జరిపాను. నడిమిన, కంటికి ఆనని ఒక గట్టు. తిన్నగా, నిలువుగా, మూడు వేళ్ళ వెడల్పు. చెక్క పట్టీ కావచ్చు అనుకున్నా. ఆవిడ ఫ్రిజ్ మీద పిల్లలు అంటించిన అయస్కాంతం ఒకటి అడిగి తీసుకుని తోలు మీద పెట్టాను. టక్కున పట్టుకుంది.

నాకు ఒళ్ళు చల్లబడింది. సెప్టెంబరులో అరచేయి ఒక్కసారి పెట్టి ఉంటే సరిపోయేది.

విప్పడం

రాతబల్ల వర్క్‌షాపుకు వచ్చింది. తోలును తడి గుడ్డతో, గోరువెచ్చటి పల్చటి గరిటెతో అంగుళం అంగుళం ఎత్తాం. పిండి బంకతో అంటించారు కాబట్టి వదిలింది. కింద ఓక్‌లో గాడి తీసి, ఇనుప పట్టీ కూర్చి, ఆరు స్టార్ స్క్రూలతో బిగించారు. స్టార్ స్క్రూ తలలు 1930ల తర్వాతివి కాబట్టి ఇది 20వ శతాబ్దపు పనే. అంచుల్లో ఎండిన తెల్ల బంక, సూదితో గుచ్చితే రబ్బరులా లోపలికి పోయి మళ్ళీ పైకొస్తుంది. ఎండిన సరేసయితే గాజులా పెళుసుగా విరుగుతుంది. ఒక చుక్క అసిటోన్ పెడితే మెత్తబడింది. ఇంక అనుమానం లేదు.

ఎవరి మీదా కోపం తెచ్చుకోలేను. తలుపు కాస్త వంగి ఉంటుంది, మూసినప్పుడు తాళం అందక ఉంటుంది, ఇనుము వేసి తిన్నగా చేశాడు. ఆరోజు ఇంటివాళ్ళు సంతోషించే ఉంటారు. ఇనుము ముడుచుకోదు. ఓక్ ముడుచుకుంటుంది. ఆరు స్క్రూలు ఓక్‌ను ఎత్తు పొడవునా మేకేసినట్టు పట్టుకున్నాయి. తేమ పెరిగినప్పుడు ఉబ్బుదామంటే అక్కడికక్కడే నలిగింది, పొడిగాలిలో ముడుచుకుందామంటే చీలింది. చీలికలో తెల్ల బంకా పుట్టీ నింపారు, అదీ గట్టిగా. మరుసటేడు దాని పక్కన చీలింది. రేకులు లేస్తే సూదితో తెల్ల బంక. నా సరేసు వెళ్ళి పడింది ఆ తెల్ల బంక పొర మీద. చెక్కలోకి ఇంకే దారే లేదు. తామరాకు మీద నీళ్ళు పోసి పట్టుకుంటుందని చూశాను.

స్క్రూలు తీశాక మేం చేసిన పెద్ద వైద్యం ఏమీ చేయకపోవడం. 50 శాతం తేమలో, ఇనుము లేకుండా, పుట్టీ గీకేసి, పలకను తొమ్మిది వారాలు అలా ఉంచాం. రెండు చీలికలూ కలిపి 2.5 మిల్లీమీటర్లు ఉండేవి, ఒకటికి వచ్చాయి. మిగిలిన ఒక మిల్లీమీటరు తిరిగిరాదు, నలిగిన పోగు ఇంక ఉబ్బదు. ఈ తొమ్మిది వారాలకు బిల్లు ఏం రాయాలో తెలియక మా వర్క్‌షాపు పెద్దాయన, నేను చాలాసేపు చూసుకున్నాం. చివరికి "నిల్వ" అని రాశాం.

పాలిష్ పోగొట్టాలా?

అసలు టెన్షన్ ఇక్కడ. రేకుల కింద తెల్ల బంక తీయకుండా కొత్తది అంటదు. దాన్ని మెత్తబరిచేవి అసిటోన్, ఆల్కహాల్. రెండూ పైనున్న లక్క పాలిష్‌ను పాడుచేస్తాయి. అతినీలలోహిత దీపం కింద తలుపంతా నారింజరంగులో వెలిగింది, లక్క ఉందనడానికి గుర్తు.

పాలిష్‌ను కాపాడుతూ పనిచేసే మార్గాలు ప్రయత్నించాం. అంచు కిందికి చిక్కటి అసిటోన్ జెల్ ఎక్కించి చూస్తే అంచు చుట్టూ పాలిష్ తెల్లబడింది, బంక మాత్రం సగమే వదిలింది. స్టర్జన్ చేప తిత్తి బంక సరేసుకన్నా పల్చగా పారుతుంది కదా అని ఒక మూల వాడి చూశాం. తెల్ల బంక మీద అదీ అంతే, రెండు వారాలకు లేచింది.

అప్పుడు ప్రశ్ననే మార్చుకున్నాం. ఈ పాలిష్ ఎవరిది? గుడ్డ ఉండతో రుద్ది రుద్ది అద్దంలా తేల్చే ఈ లక్క పాలిష్ పద్ధతి ఫ్రాన్స్‌లో 19వ శతాబ్దపు తొలినాళ్ళది. 1770ల వస్తువు మీద అది మొదటినుంచీ ఉండే వీల్లేదు. పైగా రేకుల ఈనెలు చెక్కిన గీతలు కొన్నిచోట్ల అరిగి మాయమయ్యాయి, అంటే ఎవరో ఒకప్పుడు పైభాగం గీకి, ఆ తర్వాత ఇది వేశారు. పోతే పోయేది రెండోసారి వేసిన మెరుగు. పోకుండా కాపాడాల్సింది 250 ఏళ్ళ నాటి పొర. ఈ లెక్క తేలాక చేయి వణకలేదు. ఊడినచోట్ల చుట్టూ మాత్రమే పాలిష్ వదులుకుని, అక్కడి ముక్కలు పూర్తిగా పైకి తీయాలని నిర్ణయించాం. ముందే ఇంటావిడకు రాసి ఒప్పించాం.

మొత్తం 31 ముక్కలు. ఒక్కోదాని మీద జపాన్ కాగితం పల్చగా అంటించి, ఫిల్ము మీద నంబరు వేసి, వెచ్చటి పల్చటి కత్తితో కిందినుంచి ఎత్తాం. ఒక రేకు నా చేతిలోనే రెండుగా విరిగింది. 17వ నంబరు. దాన్ని మళ్ళీ అతికాం, వెతికి చూస్తే కనిపిస్తుంది.

వెనక్కి తిప్పి చూస్తే పొర వెనకవైపంతా సన్నటి సమాంతర గీతలు. బంక పట్టడానికి పళ్ళున్న చిత్రికతో గీసినవి. ఆ గీతల్లో నల్లగా, పెళుసుగా పాత సరేసు. దాని మీద తెల్ల బంక. అసిటోన్ జెల్ పెట్టి పది నిమిషాలు ఆగితే తెల్ల బంక చల్లారిన గంజి మీద తొరకలా లేస్తుంది, వెదురు పుల్లతో చుట్టి తీసేయొచ్చు. పాత సరేసు అసిటోన్‌కు కరగదు, గీతల్లో అలాగే ఉంది. అదీ మాకు కావాల్సిందే, కొత్త వేడి సరేసు తగిలితే పాతదీ లేచి కలుస్తుంది.

ఆకుపచ్చ

ఆకుల ముక్కలు తిప్పినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. పైన బూడిద కలిసిన గోధుమరంగు. కింద పచ్చి కొత్తిమీర రంగు. వెలుతురు చూడని వైపు రంగు అలాగే ఉంది. ఒక పువ్వు వెనక నీలం. ఈ పూలబుట్ట చేసినరోజు ఎంత గాఢంగా ఉండేదో, మనం గంభీరంగా, పండినట్టుగా ఉందని మెచ్చుకునే ఈ గోధుమరంగు అంతా ఎండకు వెలిసిపోవడమేనని తెలిసి కొంచెం సిగ్గేసింది.

ఫొటోలు చూపిస్తే ఇంటావిడ వెంటనే అడిగింది, పైన కూడా అలా చేయొచ్చా అని. చేతిలో ఉన్న ముక్కను తిరగేసి అంటిస్తే అయిపోయేది కదా అని కూడా. చేయొచ్చు, కానీ తిప్పితే ఆకు అద్దంలో బొమ్మలా ఎదురు తిరుగుతుంది, ఈనెల గీతలు లోపలికి పోతాయి. గీకి కింది రంగు తేవాలంటే ఇంతకుముందే ఒకరు గీకారు, ఇంకోసారికి మందం లేదు. కొత్తగా రంగు వేస్తే అది మా ఊహే అవుతుంది, పైగా 31 ముక్కలు పచ్చగా, మిగతా వందకు పైగా గోధుమగా. వద్దన్నాను. వెనకవైపుల ఫొటోల నుంచి కంప్యూటర్లో మొత్తం బొమ్మకు రంగులు నింపి ఒక ప్రింటు ఇచ్చాం. ఫైలులో పెట్టుకుంటారనుకుంటే ఫ్రేము కట్టించి రాతబల్ల పైన గోడకు తగిలించారు.

తిరిగి అంటించడం

ఓక్ చీలికలను ఈసారి పుట్టీతో నింపలేదు. పాత ఓక్‌లోంచి సన్నటి బద్దలు కోసి, ఒక పక్కకు మాత్రమే సరేసు రాసి కూర్చాం. రెండో పక్క వదులు. పలక కదలాలనుకుంటే ఆ గీత దగ్గర కదలనీ. పక్క పట్టీల కీలులోకి కూడా తెల్ల బంక పాకి ఉంది. దాన్ని తీసేసి నడిమి పది సెంటీమీటర్ల మేర మాత్రమే అంటించాం. ఇనుప పట్టీ తీసేసిన గాడిలో పల్చటి చెక్క పట్టీ పెట్టాం. నడిమి స్క్రూ మామూలుది, మిగతావాటికి రంధ్రాలు పొడవుగా కోసి ఇత్తడి వాషర్లు వేశాం, పలక ముడుచుకుంటే స్క్రూ ఆ రంధ్రంలో జారుతుంది. తలుపు ఇప్పుడు రెండు మిల్లీమీటర్లు వంగి ఉంటుంది. తాళం నాలుక కాస్త సర్దితే పడుతోంది. దాన్ని తిన్నగా చేయాలన్న పంతం ఒకరికి ఉండబట్టే ఇదంతా జరిగింది.

సరేసు మధ్యరకంది, 192 గ్రాముల బలంది (సరేసు బలాన్ని గ్రాముల్లో చెప్తారు, అంకె పెరిగితే గట్టిది). మా షెల్ఫులో 250ది కూడా ఉంది. గట్టిది ఉండగా ఇది ఎందుకు అని వర్క్‌షాపులో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు. రెండు చెక్కల మధ్య లాగుడు వచ్చినప్పుడు ఏదో ఒకటి తెగాలి. బంక తెగితే మళ్ళీ అంటిస్తాం, గంట పని. బంక తెగకపోతే చెక్క తెగుతుంది, ఈ ఓక్‌లో తెగినట్టు. పాత సామానుకు అతుకు చెక్కకన్నా ఒక మెట్టు తక్కువ బలంగా ఉండాలి. ఇంటావిడ మూడుసార్లు అడిగిన గట్టి బంకను మొదటి ఇద్దరూ ఇచ్చారు. నేను మంచి బంకే వాడినా, ఎందుకు ఊడుతోందో అడగకుండా వాడాను.

ముందురోజు రాత్రి గుళికలు బరువుకు రెండింతల నీళ్ళలో నానబెట్టి, పొద్దున నీళ్ళగిన్నెలో పెట్టి 60 డిగ్రీలకు కాచాం. 70 దాటితే బలం పోతుంది, వాసన కూడా మారుతుంది. ఎండిన తోలు వాసన కాస్తా చెడిన పులుసు వాసనలోకి తిరుగుతుంది, థర్మామీటర్ చూడకుండానే ముక్కు చెప్తుంది. తలుపు చూడటానికి చదునుగా ఉన్నా చేయి పెడితే అలలుంటాయి. చెక్కదిమ్మతో నొక్కితే గుంటల్లో ఒత్తిడి పడదు. అందుకని కాన్వాసు సంచుల్లో ఇసుక నింపి వెచ్చచేసి పెట్టి, పైన బిగించాం. ఇసుక ప్రతి గుంటలోకీ సర్దుకుంటుంది, వేడిమి సరేసు గట్టిపడేదాకా కాస్త టైమిస్తుంది. ఆ రేకులకు నీడలు పెట్టింది కూడా ఇసుకే.

చీపురుకు పోయిన ముక్కల్లో ఒకటి బ్వా ద రోజ్. అది మన ఇరుగుడు కుటుంబానిదే, డాల్బెర్జియా. 2017 జనవరి నుంచి ఆ జాతి చెట్లన్నీ సైటీస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణలో ఉన్నాయి, కాగితాలు లేకుండా కొనడం కుదరదు. మా దగ్గర పాత నిల్వలో చేతిరంపంతో కోసిన ముక్కలు కొన్ని కాగితాలతో సహా ఉన్నాయి. ఇప్పుడు దొరికే యంత్రపు పొర 0.6 మిల్లీమీటరే, పక్కనున్న పొరలతో మట్టం కావాలంటే రెండు పొరలు అతకాలి. కొత్త ముక్క రంగు కొట్టొచ్చినట్టు గులాబీగా ఉంటే నీటిరంగులతో దాన్నే తగ్గించాం, పక్కనున్న పాతవాటిని ముట్టుకోలేదు.

తర్వాత

రాతబల్ల ఇంటికి వెళ్ళాక రేడియేటర్ పక్కనుంచి రెండు మీటర్లు జరిపించాం. ఆ గదిలో వేడి 18 డిగ్రీలకు తగ్గించుకోవడానికి ఆవిడ ఒప్పుకుంది. హ్యుమిడిఫయర్ తీసేశాం. డేటా లాగర్ మొదటి చలికాలం 36 కంటే కిందికి దిగలేదు. అది ఆదర్శం కాదు, కానీ గీత నున్నగా ఉంది, రంపపు పళ్ళు లేవు.

మొదటి చలికాలం ఏమీ లేవలేదు. రెండో ఫిబ్రవరిలో తలుపు వాల్చి చూస్తే ఓక్ బద్ద వదులు పక్కన వెంట్రుకవాసి సందు కనిపించింది, తెరుచుకోవాల్సిన చోటే తెరుచుకుంది. మేలో మూసుకుంది.

పోయిన జనవరిలో వెళ్ళేసరికి ఆవిడే తలుపు ముందు కుర్చీ వేసుకుని గోటితో తట్టుకుంటూ వింటోంది. కింది ఎడమ మూలలో ఒక ఆకు దగ్గర ఆగి, నన్ను వినమంది. బోలే, చిటికెనవేలి గోరంత. ఎప్పుడు వచ్చి అంటిస్తారు అంది. ఏప్రిల్‌దాకా దాన్ని అలాగే ఉంచమన్నాను. మళ్ళీ ఒకసారి తట్టి, "సరే, నెలకోసారి వింటాను" అంది.